కొమరయ్య గారి ఎడమచెయ్యి

నాకు ముక్కు మీద కోపం. తెనాలిలో మా అమ్మ మొదలుపెట్టిన ఈ మాటని విండ్సర్‌లో నేను పనిచేసే కారు పార్టుల ప్లాంటువాళ్ళు కూడా ఒప్పేసుకున్నారు. ఆ కోపాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా! కొత్తగా పిస్టల్స్ కొనడం ఈ దేశంలో ఆపేయకముందే ఒకటి కొనుక్కుని, ఊరి బయట షూటింగ్ క్లబ్బులో చేరాను. ఆదివారం పొద్దున వెళ్ళి అట్టబొమ్మ మీద నాలుగు గుళ్ళు దింపి వస్తే, సోమవారం మీటింగులో ఎవరి మీదా అరవకుండా ఉండగలను.

పక్కింటి కొమరయ్య గారికి ఈ సంగతి తెలిసిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోస్తున్న మనిషి, పార అక్కడే పడేసి మా గుమ్మం దగ్గరకొచ్చారు.

"నువ్వు పిస్తోలు కాలుస్తవా బిడ్డా? నిజంగనా? నన్నుగూడ ఒక్కపారి తోల్కపో."

ఇప్పుడా ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళున్నారు. కొమరయ్య గారు, ఆయన భార్య శాంతమ్మ ఆంటీ, కూతురు మధుమితకు ఉద్యోగం మారితే ఆ అమ్మాయితోపాటు దేశానికి ఆ చివరనున్న సర్రీ వెళ్ళిపోయారు. పొద్దున్నే కారు తీస్తుంటే "పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పే గొంతు లేక మా వీధి బోసిపోయింది. నాకు వాళ్ళ మీద బెంగ అని ఎవరితోనైనా అంటే నవ్వుతారు. నీకు బెంగేమిటే, అని.

కొమరయ్య గారిది జగిత్యాల వైపు. ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసు. సర్వీసులో సగానికి పైగా ఒక ఎమ్మెల్యే దగ్గర గన్‌మెన్‌గా గడిచిపోయింది. ఆయన కథలన్నీ "మా సారు" అనే మాటతోనే మొదలయ్యేవి. మా సారు సుమోలో ముందు సీటు నాదే బిడ్డా, అద్దం దించి చెయ్యి బైట పెట్టుకుని కూసుంటే ఊళ్ళకు ఊళ్ళు పక్కకు జరిగేటియి. మా సారు దిగితే పొల్లగాండ్లు ఆయన్ని చూడకపోదురు, నా నడుముకున్న పిస్తోలు చూద్దురు. సభల్లో సారు మెళ్ళో వేసిన బంతిపూల దండలన్నీ తీసి ఈయన చేతి మీదే వేసేవారట. రాత్రి ఇంటికెళ్ళేసరికి ఒళ్ళంతా బంతిపూల వాసన. పెళ్ళిళ్ళలో అందరూ తిన్నాక ఆఖరి బంతిలో ఈయన భోజనం. ఇదంతా ఏదో రాజ్యం ఏలినట్టు చెప్పేవారు. నాకు మాత్రం, ఆఖరి బంతిలో పప్పు మిగిలేదా అంకుల్, అని అడగాలనిపించేది. ఓసారి అడిగాను కూడా. "పప్పు మిగిలేది, ముక్కలు మిగలకపోయేటియి" అని పకపకా నవ్వారు.

ఇక్కడ ఆయన చేసే పని, బడి పిల్లల్ని రోడ్డు దాటించడం. పసుపుపచ్చ కోటు వేసుకుని, చేతిలో స్టాప్ బోర్డు పట్టుకుని, కార్లకు అడ్డంగా నిలబడేవారు. చలి మైనస్‌లో ఉన్నా ఒక్కరోజు మానలేదు.

అంతా బాగానే ఉంది గానీ, రిటైరైన రోజు పిస్టల్ అప్పజెప్పినప్పటి నుంచీ ఆయనకొక దిగులు. "నడుం ఖాళీగున్నది బిడ్డా. అన్నం తినంగ, పండుకోంగ, ఏదో మర్సిపోయినట్టే ఉంటది." ఆ దిగులు చూడలేక, లైసెన్సు పరీక్ష ఇంగ్లీషంతా నేనే తెలుగులో చెప్పి రాయించాను. కానీ మా క్లబ్బులో నడుముకు పిస్టల్ కట్టుకుని నిలబడాలంటే లైసెన్సు ఒక్కటే చాలదు. శుక్ర, శని, ఆదివారాలు జరిగే డిఫెన్సివ్ పిస్టల్ కోర్సు పాసవ్వాలి. అది పాసైతే, క్లబ్బు పిస్టల్‌తోనైనా సరే, ప్రతి ఆదివారం బెల్టు కట్టుకోవచ్చు. కొత్త పిస్టల్స్ రావడం ఆగిపోయాక నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు, అదే ఆఖరి బ్యాచ్ అన్నారు. నాకూ ఆ కోర్సు కాలేదు కాబట్టి ఇద్దరం చేరాం.

కోర్సు చెప్పే డెన్నిస్ పెద్ద బొజ్జ, చిన్న గొంతు ఉన్న ముసలాయన. మొదటిరోజే తేల్చి చెప్పేశాడు. ఈ దేశంలో పిస్టల్ ఇల్లు కాపాడుకునే సామాను కాదు, తాళం వేసిన పెట్టెలో ఉండాలి, ఇక్కడ మనం నేర్చుకునేది ఆట. ఆటలో మాత్రం ఎవరో మీ మీదకొస్తున్నారు అనుకోవాలి, మిమ్మల్ని మీరు కాపాడుకోవాలి. కొమరయ్య గారు అంతా విని నా చెవిలో, "మనల్ని మనం కాపాడుకునుడేంది బిడ్డా, గదేం డ్యూటీ?" అన్నారు. నేను నవ్వేశాను. అప్పటికి నాకేం తెలుసు!

ఆ రోజు ఖాళీ పిస్టల్స్‌తో సాధన. అందరం పసుపు గీత వెనక వరసగా నిలబడ్డాం. ఆయన ఎడమ పక్కన నేను. డెన్నిస్ "థ్రెట్!" అని, అంటే ప్రమాదమని, అరవగానే పిస్టల్ తీసి ఎదురుగా ఉన్న బొమ్మకు గురిపెట్టాలి. అరిచాడు. కొమరయ్య గారి ఎడమచెయ్యి విసురుగా వచ్చి నన్ను వెనక్కి తోసింది. మరుక్షణం ఆయన గీత దాటి నా ముందు కొండలా నిలబడ్డారు. అందరూ నవ్వారు. ఆమె మీ కోడలా, అని డెన్నిస్ కూడా నవ్వాడు. మళ్ళీ చేయించాడు. మళ్ళీ అదే.

శనివారం నిజం గుళ్ళు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నా పిస్టల్ సగం పైకొచ్చింది, ఎదురుగా బొమ్మ ఉండాల్సిన చోట కొమరయ్య గారి వీపు ఉంది! పిస్టల్ కిందపెట్టి, నోటికొచ్చినట్టు అరిచాను.

"మతి పోయిందా అంకుల్! చచ్చేవారు! నా చేతుల్లో చచ్చేవారు! శాంతమ్మ ఆంటీకి నేనేం మొహం చూపించేదాన్ని?"

డెన్నిస్ అందర్నీ ఆపేసి ఆయన్ని పక్కకు పిలిచాడు. ఇంకొక్కసారి కోమ్, ఇంకొక్కసారి గీత దాటితే ఇంటికి పంపిస్తాను, అన్నాడు. కొమరయ్య అనడానికి నోరు తిరక్క ఆయన్ని కోమ్ అనేవాడు. కొమరయ్య గారు అటెన్షన్‌లో నిలబడి "ఎస్ సార్" అన్నారు. టీ టైములో బెంచీ మీద కూర్చుని, ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూస్తున్నారు.

"ఇది నా మాట ఇంటలేదు బిడ్డా. పక్కన మనిషుంటే చాలు, దానంతటదే లేస్తది. సారును ఎనుకకు నూకుడు, ముంగట నిలవడుడు. గిదే నేర్పిరి మాకు. కాల్చుడు సంవత్సరానికొక్కపారి."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఇది ఉద్యోగంతో వచ్చిన బుద్ధి. నాకు కోపం పోయి జాలేసింది. నేనే వెళ్ళి డెన్నిస్‌ని బతిమాలాను. ఆయన్ని వరసలో ఎడమ చివర నిలబెట్టండి, ఎడమపక్కన ఎవరూ లేకుండా, అని. ఒప్పుకుని నా నెత్తిన పాలు పోశాడు. అంతే! మధ్యాహ్నమంతా కొమరయ్య గారు గీత దాటలేదు. ఎడమచెయ్యి లేవబోయి, ఎవరూ లేక, బుద్ధిగా పిస్టల్ పట్టుకోవడానికి వచ్చేసేది. గుళ్ళు తలో దిక్కూ పోయాయి గానీ పాసవ్వడానికి అవి చాలు. ఆదివారం పరీక్ష ఒక్కొక్కరికీ విడిగా. పక్కన ఎవరూ ఉండరు. ఇంకేముంది, పాసైపోయినట్టే అనుకున్నాం. తిరుగుదారిలో ఎండిన మొక్కజొన్న చేల మధ్య కారు పోతుంటే ఆయన కూనిరాగం కూడా తీశారు.

ఇంటికొచ్చాక శాంతమ్మ ఆంటీ టీ పెట్టి, సర్వపిండి ముక్కలు నా ముందు పెట్టింది. ఆయన స్నానానికెళ్ళారు. నేను ఊరుకోక జరిగిందంతా చెప్పి, "మీ ఆయన నాకోసం ప్రాణమిచ్చేవాడే ఆంటీ" అని వేళాకోళమాడాను. ఆమె నవ్వలేదు.

"ఇస్తడు బిడ్డా. అందరికోసం ఇస్తడు" అంది. మళ్ళీ తనే చెప్పింది. "మా మధు సంకన ఉన్నప్పటి ముచ్చట. జాతరకు పోయినం. సారు, సారు పెండ్లాం, పిల్లలు గూడ వచ్చిండ్రు. పటాకుల గంపకు అంటుకుని ఢమఢమ పేలినయ్. జనం ఉరుకుడు వెట్టిండ్రు. ఈయన నాకు గంత దూరంలనే ఉన్నడు. నన్ను జూసిండు, బిడ్డను జూసిండు. చూసి గూడ సారు పెండ్లాం ముంగట పోయి నిలవడ్డడు, చెయ్యి గిట్ల చాపి. నేను బిడ్డతోని కింద పడ్డ. నా మీదికెల్లి తొక్కుకుంట పోయిండ్రు." మోచేతి దగ్గర వంకరగా అతుక్కున్న ఎముక చూపించింది. "డ్యూటీ గదా, తప్పని నేనెన్నడు అనలే. ఆయన గూడ ఎన్నడు ఆ ముచ్చట ఎత్తలే. గని ఆ దినం నేను జూసింది ఆయన ఈపు బిడ్డా. సంసారమంత గా ఈపునే జూసిన."

నాకా ఎమ్మెల్యే మీద, జాతర మీద, లోపల స్నానం చేస్తూ పాటలు పాడుతున్న పెద్దమనిషి మీద ఒక్కసారే ఒళ్ళు మండింది. "రేపు ఇళ్ళవాళ్ళని కూడా రానిస్తారు ఆంటీ, మీరు రావాల్సిందే" అన్నాను. నేనెందుకు బిడ్డా, ఆ చప్పుడు నాకు పడది, అంది. నేను వినలేదు. నేను ఎవరి మాట విన్నాను గనక!

ఆదివారం బాగా ఎండ కాసింది. వెనకాల తాడు కట్టి, దాని అవతల ఇళ్ళవాళ్ళని నిలబెట్టారు. శాంతమ్మ ఆంటీ చీర మీద స్వెటర్, స్వెటర్ మీద శాలువా, చప్పుడు వినపడకుండా చెవులకు పెద్ద డిప్పలు. పరీక్ష తేలిక. గీత దగ్గర నిలబడాలి, డెన్నిస్ అరవగానే కుడివైపున్న నీలం డ్రమ్ము చాటుకు వెళ్ళిపోవాలి, అక్కణ్ణుంచి కాల్చాలి. నిన్ను నువ్వు కాపాడుకుంటే పాస్.

నాది అయిపోయింది. కొమరయ్య గారి వంతు వచ్చింది. టక్ చేసిన చొక్కా, నడుముకు బెల్టు, ఒరలో పిస్టల్. పదేళ్ళు చిన్నవాడైనట్టున్నారు. నేను ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

"థ్రెట్!"

ఎడమచెయ్యి లేచింది. పక్కన గాలిని తడిమింది. ఎవరూ దొరకలేదు. "డ్రమ్ము అంకుల్, డ్రమ్ము!" అని నేను తెలుగులో అరుస్తున్నాను. ఆయన డ్రమ్ము వైపు చూడలేదు, పిస్టల్ మీద చెయ్యి వెయ్యలేదు. వెనక్కి తిరిగారు. అరవై దాటిన మనిషి గబగబా నడిచొచ్చి, తాడు కింద నుంచి దూరి, శాంతమ్మ ఆంటీకి వీపు పెట్టి, ఎడమచెయ్యి చాచి ఆమె ముందు నిలబడ్డారు.

డెన్నిస్ వచ్చి ముందు ఆయన నడుము నుంచి పిస్టల్ తీసి ఖాళీ చేశాడు. గీత వదిలి వెనక్కి తిరిగితే ఇంక నేను చేసేదేం లేదు, సారీ కోమ్, అన్నాడు.

నేనాగలేకపోయాను. "ఫెయిలయ్యారు అంకుల్! ఇదే ఆఖరి బ్యాచ్! ఇంక మీ జన్మలో బెల్టు కట్టనివ్వరు, తెలుసా?"

"తెల్సు బిడ్డా" అన్నారు. చెయ్యి మాత్రం దించలేదు.

శాంతమ్మ ఆంటీ చెవుల మీది డిప్పలు తీసింది. ఎదురుగా ఉన్న ఆ వీపు వంక చూసింది. అందరిముందూ ఏమిటీ వేషాలని తిడుతుందేమో అనుకున్నాను. ఆమె వంకర చేతిని ఆయన భుజం మీద వేసింది.

"ఇప్పుడొచ్చినవా?" అంది.

కొమరయ్య గారు బెల్టు విప్పి డెన్నిస్ చేతిలో పెట్టారు. ఆమె వైపు తిరిగారు.

"వచ్చిననే. డ్యూటీ దిగిన."