బాపు పొట్ట మీద మట్టి పట్టీ

కడుపు ఉబ్బరం తగ్గించడానికి ఒక డాక్టరు చాలు. ఆ ఉబ్బరానికి మంటను కూడా జోడించాలంటే మాత్రం గ్రంథాలయంలో నెలల తరబడి కూర్చుని చదవాలి. నేను చదివాను. ఫలితం మా బాపు పొట్ట మీద అచ్చయింది.

అప్పట్లో బాపుది గార్ల దగ్గర మిర్చి సేద్యం, నాది మానుకోట గ్రంథాలయంలో పుస్తక సేద్యం. ప్రకృతి వైద్యం అరలో ఒక్క పుస్తకం మిగల్చలేదు. వెయ్యిమందిని చంపితే గాని వైద్యుడు కాడంటారు. అంతమంది నాకెక్కడ దొరుకుతారు? చేతికందినవాడు బాపు ఒక్కడే.

తెల్లవారితే పంట మార్కెట్‌కు పోవాలి. ముందురోజు మధ్యాహ్నం బాపు పొట్ట పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు. ఆయన రాకపోతే బేరం నేను చేయాలి. నేను చేస్తే ఏడాది కష్టం మిర్చి తొడిమల ధరకు పోతుందని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా నాకు, తెలుసు.

"దవాఖానకు పోదాం పా," అంది అమ్మ.

"దవాఖాన ఎందుకే? మట్టి పట్టీ ఏస్త. పొద్దుగాల్లకు బాపు లేడిపిల్ల లెక్క ఉరుకుతడు," అన్నాను.

"మన్నా? పుట్టినకాంచి మన్నుల్నే ఉన్న గదరా. గప్పుడు తగ్గంది ఇప్పుడు తగ్గుతదా?" అన్నాడు బాపు.

"గది మామూలు మన్ను బాపూ. గిది వైద్యం మన్ను. ప్రకృతిసిద్ధం. మంచే తప్ప చెడు చెయ్యదు."

ఈ చివరి మాట ఏ పుస్తకంలోనూ లేదు. అది నా సొంత కవిత్వం. పుస్తకంలో ఉన్నది వేరు: ఎరువులూ పురుగుమందులూ పడని నేలను లోతుగా తవ్వి, ఆ మట్టిని ఎండబెట్టి జల్లించాలి. ఎండలో తవ్వడం నా ఒంటికి సరిపడదు. కాబట్టి ఎండిన మట్టి అన్న సంగతినే గట్టిగా పట్టుకున్నాను. మా దగ్గర బాగా ఎండిన మట్టి ఎక్కడుంటుంది? కల్లంలో. నిన్నటిదాకా మిర్చి ఆరబోసి, బస్తాలకెత్తిన కల్లంలో.

మీరు నవ్వడం మొదలుపెట్టారని తెలుసు. కాస్త ఆగండి, నేనింకా జల్లెడ పట్టలేదు.

పట్టాను. రాళ్లూ గింజలూ పైన నిలిచాయి, మెత్తనిదంతా కిందికి దిగింది. ఆ గింజలేమిటని నేను అడగలేదు, అవీ చెప్పలేదు. మట్టి రంగు చూసి మాత్రం మురిసిపోయాను. పెళ్లికూతురి పారాణిలా ఎంత ఎరుపు! వరసగా తుమ్ములొచ్చాయి. జలుబనుకున్నాను. దాని వైద్యం రేపు చూద్దామనుకున్నాను.

తడిపిన మట్టిని బాపు పొట్ట మీద నలుచదరంగా పరిచి, తడిగుడ్డ కప్పాను.

"ఎట్లుంది బాపూ?"

"సల్లగనే ఉంది."

కొద్దిసేపటికి, "జర ఎచ్చగైతంది రా," అన్నాడు.

"లోపలి చెడు బయటికొస్తంది."

"చెడు గాదురా, పానం బయటికొస్తంది!"

బాపు లేచి వాకిట్లోకి ఉరికాడు. లేడిపిల్లలా ఉరుకుతాడన్నాను కదా, ఆ ఒక్కటీ నిజమైంది. పట్టీ తీశాక గోరువెచ్చని నీళ్లతో కడగాలని చదివాను. కడిగాను. మంట పొట్ట దిగి పంచెలోకి ప్రయాణం కట్టింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దలు పొట్ట సంగతి ఎందుకు వదిలేశారో!

అమ్మ ఆ మట్టిని వాసన చూసి, నా వైపు చూసింది.

"ఏడిదిరా గీ మన్ను?"

"కల్లంల..."

"ఓరి నీ సదువుల మన్నువడ! మనిషిని కారంల ముంచినవు గదరా!"

పెరుగు పూసి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ పొట్ట చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ప్రకృతిసిద్ధమే మేడం," అన్నాను చిన్న గొంతుతో.

"మిర్చి సుత ప్రకృతిల్నే పండుతది గదా తమ్మీ? మట్టి పట్టీ తప్పంటలేను. ఏడి మన్ను, ఎవలికి, ఎంతసేపు అన్నది ఆ వైద్యం సదివినోళ్లు చెప్పాలె. ఇంకేమన్న తాగించినవా? ఈయన బీపీ గోలీలు వాడుతడు."

"లేదు మేడం. రాత్రికి కషాయం ఇద్దామనుకున్న..."

"వద్దు!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

"పసరైనా, పొడైనా, వాడే గోలీల సంగతి చెప్పి అడిగినంకనే," అని డాక్టరమ్మ ఉబ్బరానికి మందు, మంటకు పూత రాసిచ్చింది.

తెల్లారేసరికి ఉబ్బరం తగ్గింది. ఎర్రటి చదరం తగ్గలేదు. బాపు అంగీ గుండీలు పెట్టుకోకుండానే మార్కెట్‌కు వచ్చాడు. మిర్చి కొనే సేటు ఒక కాయ తీసి విరిచాడు, వెంటనే పెదవీ విరిచాడు.

"రంగున్నది గని, ఘాటు లేదన్నా."

 బాపు అంగీ రెండు వైపులా పక్కకు తీశాడు.

"అబ్బ! గిదేందన్నా?"

"మా మిర్చి గాదు సేటూ. మా మిర్చి ఎండిన జాగల మన్ను, గంతే. మిర్చి సంగతి ఇగ నువ్వే చెప్పు."

సేటు విరిచిన కాయను పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా బస్తాలో పెట్టి, చేతులు ధోవతికి తుడుచుకున్నాడు. ఆ రోజు మాకొచ్చిన ధర మా వరసలో ఇంకెవరికీ రాలేదు.

"నీ వైద్యం పనిచేసింది బిడ్డా," అన్నాడు బాపు. "గని ఇగ జన్మల చెయ్యకు."

నా మనసు కరిగిపోయింది. చదివినవాళ్లను అడగకుండా ఏ మట్టీ, ఏ పసరూ ఎవరి ఒంటికీ పూయనని భూమాత సాక్షిగా ప్రమాణం చేయాలనిపించింది. వంగి గుప్పెడు మన్ను తీసి కళ్లకద్దుకోబోయాను.

"ముట్టకురా!" అని అరిచాడు బాపు.

మేం నిలబడింది మిర్చి యార్డులో.