నానని నావల మీద ఎర్ర గుర్తులు

ఈ మధ్య ముల్చేరలో మా ఆఫీసు ముందు రోడ్డుకు డాంబర్ పోస్తున్నారు. పొద్దున తలుపు తీయగానే ఆ వాసన లోపలికి తోసుకొస్తుంది. మిగతావాళ్లు ముక్కు మూసుకుని కిటికీలు వేస్తుంటే నేను మాత్రం గుమ్మంలో నిలబడి కాసేపు పీలుస్తాను. పిచ్చిదనుకుంటే అనుకోనీ. నాకు ఆ వాసనతో రోడ్డు గుర్తు రాదు, సిరోంచలోని లచ్చుబాయి పెద్దమ్మ దుకాణం గుర్తొస్తుంది. ఆమె పోయి రెండేళ్లు దాటింది.

నీటిపారుదల శాఖలో జూనియర్ ఇంజనీరుగా నా మొదటి పోస్టింగు సిరోంచ. ఆమె దుకాణం వెనకున్న గదిలో అద్దెకు దిగాను. దుకాణం నిండా మేకులు, తాళ్లు, డాంబర్ డబ్బాలు, గొడ్డలికీ పారకూ వేసే కామలు, అంటే చెక్క పిడులు. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె ఒక్కతే నడుపుకొస్తోంది. మరాఠీవాళ్లతో మరాఠీ, జింగనూర్ వైపు నుంచి వచ్చే గోండులతో గోండీ, మాతో తెలుగు. మాట్లాడేది అనడం కన్నా అడిగేది అనడం న్యాయం. మేకులకు వచ్చినవాడు సైజు చెప్పేలోపే అవి దేనికి, ఏ చెక్కకు, ఆ చెక్క ఎక్కడిది, ఎవరు కోసిచ్చారు, అన్నీ చెప్పుకోవలసిందే. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఊళ్లో సంగతులన్నీ ఈమెకెందుకు అనుకునేదాన్ని.

చేరిన వారానికే నా వంతు వచ్చింది. కొలతలకు వాడే లెవెల్ యంత్రాన్ని నేను దాని మూడు కాళ్లతో సహా గదిలోకి మోసుకొస్తుంటే ఆపింది.

"గా గాజుబుడ్డిల బుడగ ఏంది బిడ్డా?"

"అది నడుమ నిలబడితే యంత్రం సమంగా ఉన్నట్టు పెద్దమ్మా."

"అది నడుమకే ఎందుకొస్తది? ఇంకో దిక్కు ఎందుకు పోదు?"

డిప్లొమాలో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని, రేపు చెప్తానని తప్పించుకున్నాను. రోజూ వాడే వస్తువే. ఎందుకు అని ఒక్కసారీ అనుకోలేదు. ఆ సాయంత్రం పాత పుస్తకం వెతికి చదివి, మర్నాడు ఆమెకు చెప్పాను. ఆమె సంతోషపడింది చూడండి, నేను ఆమెకు చీర పెట్టినా అంత సంతోషపడేది కాదు. ఆ తర్వాత ఆమె ప్రశ్నలంటే భయం పోయి, నెమ్మదిగా ఇష్టం మొదలైంది.

మరుసటి ఏడు వానాకాలం ముందు నావల గొడవ వచ్చింది. ఊరికి కొంత దూరంలో మా శాఖ జలాశయం ఒకటి ఉంది. రైతులు నారు ఈవలి ఒడ్డున, బావుల కింద పోసుకుంటారు. వాళ్ల పొలాలేమో ఆవలి ఒడ్డున. చుట్టు తిరిగిపోయే దారి మొదటి గట్టి వానకే వాగులో మునుగుతుంది. అందుకని నారు కట్టలు, కూలీలు, అన్నం గిన్నెలు అన్నీ నావల మీదే దాటుతాయి. ఆ ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది, తనిఖీ అయిన నావ తప్ప ఇంకేదీ నీళ్లలో దిగరాదని. నావలను నీళ్లలోకి దించే దారిలో, కట్ట మీదున్న గేటుకు తాళం పడింది. తనిఖీ పని నాకు అప్పజెప్పారు.

ఒడ్డున బోర్లించిన తొమ్మిది నావలు ఉన్నాయి. వేసవంతా అలాగే ఎండలో పడి ఉన్నాయి. పుస్తకంలో ఉన్నట్టే ఒక్కొక్కదాన్నీ వెల్లకిలా తిప్పించి, దుంగల మీద పెట్టించి, లోపల నీళ్లు పోయించాను. తొమ్మిదీ కారాయి. చెక్కల సందుల్లోంచి ధారలు కట్టాయి. నావలవాళ్లలో పెద్దవాడు పోశయ్య చేతులు కట్టుకుని అన్నాడు, "మేడం, జర నాననియ్యిండ్రి. నానితే ఆగుతయ్." ఇదో సాకు అనుకున్నాను. కళ్ల ముందు కారుతున్నదాన్ని నానితే ఆగుతుందంటాడేమిటని నవ్వు కూడా వచ్చింది. పాస్ కాలేదని తొమ్మిదింటి మీదా ఎర్ర రంగుతో అడ్డంగా గుర్తు పెట్టించాను. జనం గొణిగారు. ఒకామె నా ముందే, మా నారుకు ఇరవై రోజులు దాటింది, ముదిరితే పశువులకు వేసుడే అని ఏడ్చింది. ప్రాణాలు ముఖ్యమా నారు ముఖ్యమా అని ఆమెకు ఉపన్యాసం ఇచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రం దుకాణం అరుగు మీద కూర్చుని పెద్దమ్మకు ఇదంతా గొప్పగా చెప్పాను. ఆమె తాడు చుట్టలు సర్దుతూ వింది.

"తొమ్మిదింట్ల తొమ్మిది కారినయా?"

"తొమ్మిదీ."

"పోయినేడు గవే నావలు గద. ఎవరన్న మునిగిండ్రా?"

"తెలియదు పెద్దమ్మా."

"అడిగినవా?"

అడగలేదు. ఆమె తాడు చుట్ట పక్కన పెట్టి లేచింది. మూల నుంచి వదులైన గొడ్డలి ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది. దాని ఇనుప తల కామ మీద వదులుగా ఊగుతోంది.

"ఇది ఊడుతాందని ఒకాయన దెచ్చిండు. నీళ్ల బకెట్ల పెట్టి పొద్దుగాల తీస్కపొమ్మన్న. నీళ్లల్ల పెడితే ఏమైతది?"

"కామ ఉబ్బి బిగుసుకుంటుంది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి బయటికి వచ్చాక గానీ నాకు వినబడలేదు. వేసవంతా ఎండి చెక్కలు ముడుచుకుపోయాయి. సందులు విడిపోయాయి. నీళ్లు తాగితే మళ్లీ కలుసుకుంటాయి. పోశయ్య చెప్పింది అదే. ఆ గొడ్డలిని నేనే తీసుకెళ్లి బకెట్లో పెట్టాను.

మర్నాడు మా పై అధికారి సాహెబ్ దగ్గరికి వెళ్లాను. మనిషి చెడ్డవాడు కాదు, కానీ కాగితం దాటి అడుగు వేయడు. "తనిఖీ కాని నావ నీళ్లలో దిగొద్దు. నీళ్లలో దిగకుండా నానదు. నానకుండా తనిఖీలో నిలవదు. అయితే నేనేం చేయాలి?" అన్నాడు. పైగా, సంతకం చేసిన రిపోర్టు వెనక్కి తీసుకుంటే అది నా సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుందనీ, నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాననీ గుర్తు చేశాడు. నేను గదికి తిరిగొచ్చి ఆ ముడిని ఉన్నదున్నట్టు పెద్దమ్మ ముందు పెట్టాను.

"నానేసుడు తనిఖీల పని గాదా బిడ్డా?"

అంతే. మధ్యాహ్నానికల్లా కొత్త కాగితం రాశాను. చెక్కలు ఎండి ఉండగా చూసినందున నా మొదటి తనిఖీ తప్పు, తనిఖీలో భాగంగా నావలను మూడు రోజులు నీటిలో ముంచి ఉంచాలి, అందుకు గేటు తెరవాలి. తప్పు అనే మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. సాహెబ్ రెండుసార్లు చదివి, నా వైపు చూసి, తాళంచెవి ఇప్పించాడు.

తొమ్మిది నావలనూ రాళ్లు వేసి ఒడ్డు నీళ్లలో ముంచారు. మూడో రోజు పెద్దమ్మ దుకాణం మూసి మరీ వచ్చింది. నావలను లేపి, నీళ్లు తోడి, మళ్లీ దుంగల మీద పెట్టి నీళ్లు పోశాం. మొదటిదాంట్లోంచి చుక్క జారలేదు. రెండోది, మూడోది, అలా ఎనిమిది. పోశయ్య నన్నేమీ దెప్పలేదు, కిరసనాయిలు గుడ్డతో ఎర్ర గుర్తులు తుడుచుకుంటూ పోయాడు. తొమ్మిదోది మాత్రం అడుగు నుంచి ఇంకా కారుతోంది. ఎవరిదని అడిగితే అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆవలి ఒడ్డున ఆమెకు రెండెకరాలుందని, ఆ నావ ఆమెదేనని నాకు అప్పుడు తెలిసింది.

"ముందే చెప్పొచ్చు కదా పెద్దమ్మా" అన్నాను.

"చెప్తే నా నావ కోసం అడుగుతున్ననుకుందువు" అని, కొంగు దోపుకుని నావ కిందికి వంగింది. వేలు పెట్టి వెతికింది. "ఇగో, ఈడ! చెక్క కుళ్లింది. చూడు, వేలు దిగుతాంది" అంది. ఏదో దొరికినట్టు ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఏం రాయను?"

"నీళ్లు ఆగినయా?"

"లేదు."

"మరి గదే రాయి."

రాశాను. ఆ ఏడు ఆమె నారు పోశయ్య నావలో, అందరిదీ దాటాక, ఆఖరున దాటింది. అప్పటికి కొంత ముదిరింది. పంట తక్కువొచ్చింది. ఆ సంగతి కూడా ఆమె చెప్పలేదు, పోశయ్య చెప్పాడు.

తర్వాత నాకు ముల్చేరకు బదిలీ అయింది. సామాను కట్టే రోజు పెట్టెకు తాడు బిగిస్తూ ఆమె అడిగింది, "ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఆనాడు నేను అడగకపోతే నువ్వు మళ్ల ఆ కట్టకు పోతుంటివా?"

"పోయేదాన్నే పెద్దమ్మా" అన్నాను, తడుముకోకుండా. ఊరందరినీ అన్ని ప్రశ్నలు వేసిన మనిషి ఆ ప్రశ్న రెండోసారి వేయలేదు. "సరే బిడ్డా" అని ముడి బిగించింది.

అబద్ధం. పోయేదాన్ని కాదు. ఊరి నారంతా ముదిరి పశువుల పాలయ్యేది, నేను ప్రాణాలు కాపాడాననుకుని హాయిగా ఉండేదాన్ని. ఇప్పుడు ఏ రిపోర్టు మీద సంతకం పెట్టబోయినా చేయి ఆగుతుంది. లేచి వెళ్లి, ఆ కాలువో తూమో రోజూ వాడే మనిషిని వెతికి పట్టుకుని అడుగుతాను. నా కింద పనిచేసే కుర్రాళ్లకు ఒళ్లు మండుతుందని తెలుసు. ఆమె దగ్గర నేర్చుకున్న పని ఇది ఒక్కటే, దీనితోనే బతుకుతున్నాను. ఆమెకు నిజం చెప్పి రావాలని బదిలీ అయిన నెల నుంచీ ఆమె పోయేదాకా అనుకుంటూనే ఉండిపోయాను. సిరోంచకు బస్సు రోజూ ఉండేది.