ముడి వేయని జడపట్ట

మా అమ్మకు చిరుగు చూస్తే చాలు, ఆ చీర ఎలా పోయిందో తెలిసిపోయేది. పాతబడిన చీర మొదట కాళ్ళ దగ్గర అంచున పోతుంది, తర్వాత కుచ్చిళ్ళు దోపుకునే చోట పలచబడుతుంది. పుంగనూరులో మా ఇంట్లో అలాంటి చీరలేవీ వృథా అయ్యేవి కావు. అమ్మ వాటిని పీలికలుగా చించి, మూడేసి పీలికలు జడలాగా అల్లి, ఆ జడను నడిమి నుంచి గుండ్రంగా చుట్టుకుంటూ దబ్బనంతో కుట్టేది. కింద పరుచుకునే ఆ చాపను మేం జడపట్ట అనేవాళ్ళం; చివర జడ కొసకు ముడి వేస్తే పట్ట అయిపోయినట్టు. చీర కొస పంటితో కొరికి చించి ఇవ్వడం నా పని. పదో తరగతి చదివే పిల్లకు అంతకంటే విసుగు పుట్టించే పని ఉండదు.

తొంభైల్లో అక్కను కుప్పం దగ్గర గుడుపల్లెకు ఇచ్చాం. పెళ్ళయిన ఏడాదికి అక్క తన పాత చీరలు మూటగట్టి పంపింది. అన్నీ అంచులు పోయినవే. అమ్మ సంబరంగా అక్క ఇంటికోసం ఒక పెద్ద పట్ట మొదలుపెట్టింది.

రెండో మూటలో ఉగాదికి మేం పెట్టిన చీర ఉంది. పట్టుమని నాలుగు ఉతుకులు కూడా పడలేదు. పైట భుజం దగ్గర అడ్డంగా చిరిగింది.

"ముల్లు తగులుకోని ఉంటాది," అంది అమ్మ. నా వైపు చూడలేదు.

మూడో మూటలో రవికెలు వచ్చాయి. కుట్లు గట్టిగానే ఉన్నాయి, వాటి పక్కన గుడ్డే చిరిగింది. ఒకదానికి హుక్కులు గుడ్డతో సహా ఊడొచ్చాయి. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వేళ్ళతో తడిమింది. ఎస్టీడీ బూత్ నుంచి అక్కావాళ్ళ పక్కింటికి ఫోన్ చేశాం. "బాగుండాను మా," అంది అక్క. వెనకాలే బావ గొంతు వినబడింది.

మర్నాడే అమ్మ నన్ను వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కింది. మండుటెండలో అక్క పైటను రెండు భుజాల మీదుగా కప్పుకుని తలుపు తీసింది. అమ్మ తలుపు చాటునే నిలబడి బావతో, "పెద్ద పట్ట మొదులుపెట్టినాను నాయనా, ఒక్కదాన్నే అల్లలేకుండాను. అది అయ్యేదాకా బిడ్డను పంపు," అంది.

బావ నవ్వాడు. ఆయన మెత్తగా మాట్లాడే మనిషి, నాకు భయం వేసింది అందుకే. "పట్టే కదత్తా, పిలుచుకోని పోండి. అయినంక నేనే వస్తా," అన్నాడు.

నెల తిరక్కుండానే వచ్చాడు. మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ప్రతిసారీ చెప్పులు విడిచి, పట్ట చుట్టూ నడిచి, జడ కొస ఎక్కడుందో చూసేవాడు.

"ఇంకెంతుండాది అత్తా?"

"అంచు మిగిలుండాది నాయనా."

వంటింట్లో అక్క గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టేది. అల్లుడు గడప తొక్కితే లేచి చాటుకు పోయే మా అమ్మ, ఇప్పుడు పట్ట నడుమ కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి, తలెత్తకుండా అల్లేది. అంతకుముందు ఆయన ఎదుట ఆమె కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

అక్క మూటలు అయిపోయాయి. మదనపల్లె టైలర్ల దగ్గర అడిగి తెచ్చిన కత్తిరింపులూ అయిపోయాయి. పట్ట హాలంతా నిండి గోడల వారగా మడతపడింది. ఆసారి బావ వెళ్తూ వెళ్తూ జడ కొసను బొటనవేలితో తొక్కి పట్టి, "వచ్చే తూరికి ముడేసేయండత్తా," అన్నాడు. అదే మెత్తటి గొంతు.

మర్నాడు పొద్దున్నే అమ్మ ట్రంకు పెట్టె తెరిచి తన పెళ్ళిచీర తీసింది. ఒక్క చిరుగు లేదు. కొస పంటికింద పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను.

"మంచి చీర గదమ్మా. యాల చించేది?"

అమ్మ వంటింటి వైపు చూసింది.

"వదులు పాపా," అంది. "ఈడ చినిగేది చీరే గదా."