మడిచి కత్తిరించిన అట్ట

మా అక్క బతికే ఉందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది పాలు పోసే అవ్వ. యూనియన్ సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చి అప్పటికి నెల దాటలేదు. అక్కను పడమటి జిల్లాలో ఒక చిన్న ఊరికి ఇచ్చాము. ఆ వైపు నుంచి వచ్చే మాటలు వినలేక అమ్మ రోజంతా నమాజు చాప మీదే కూర్చుని ఉండేది.

అవ్వ చెంబు దించకుండానే గడపలో నిలబడింది. "ఓ బీబమ్మా, ఏడువకు. నీ బిడ్డ ఉన్నది. మా అల్లుడు బర్రెలు కొననీకి పోయి కండ్లార చూసొచ్చిండు. మా కులపోళ్ళే కొట్టంల దాచిపెట్టిన్రట. చంటోనికి జెరమట, అదొక్కటే తక్లీఫ్."

"మరి మా అల్లుడు?" అని అడిగింది అమ్మ.

అవ్వ పాలు కొలవడం మొదలుపెట్టింది.

మేము తెలుగు మాట్లాడే ముసల్మానులం. నాయన సికింద్రాబాదులో మోటారు మేస్త్రీ. ఇల్లూ షెడ్డూ ఒకే కప్పు కింద ఉండేవి, మధ్యలో గోనెపట్టా తెర. నేను బడికి పోలేదు. ఖురాను నాయనమ్మ చెప్పింది. తెలుగు అక్షరాలు నాయనే సామాన్ల డబ్బాల అట్టల మీద రాసి దిద్దించాడు. నాకప్పుడు పదమూడేళ్ళు.

అక్కను తీసుకురావడమెలాగన్నదే ఇక మా ఇంట్లో మాట. బస్సులు లేవు. రైలు దిగాక పన్నెండు మైళ్ళు నడవాలి, ఆ దారిలో మావాళ్ళు నడిచే రోజులు కావవి. మాకు తెలిసిన వాళ్ళలో పాసు ఉన్నది ఒక్కరికే, కంటోన్మెంటులో వైద్యం చేసే ముసలి డాక్టరుగారికి. రోగులను చూడటానికి ఆ జిల్లాకు వెళ్ళి రావచ్చని మిలిటరీ వాళ్ళు ఆయనకు కాగితం ఇచ్చారు. దాని గడువు ఇంకా ఆరు రోజులుంది.

"నీ బిడ్డను తెస్త ఉస్తాద్. కని దేంట్ల తేవాలె?" అన్నారట ఆయన.

ఆయనకున్నది రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు. కూపే అనేవారు దాన్ని. ఎవరో జాగీర్దారు కొడుకు పందేలకు తోలి తోలి వదిలేసిన బండి. ఇంజను ఎండాకాలంలోనే పగిలిపోయి, మా షెడ్డులో గుడ్డ కప్పుకుని పడి ఉంది. నాయన దగ్గర ఇంకో ఇంజను ఉండేది. పెద్ద యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన వ్యానుది, కారుకన్నా పదేళ్ళు కొత్తది. ఎప్పటికైనా సొంతంగా ఒక టాక్సీ కట్టుకుందామని దాన్ని దాచుకున్నాడు. అదే ఇందులో పెడతానన్నాడు.

"ముసలోనికి పడుచోని గుండె పెడ్తున్నవ్. కాళ్ళు తట్టుకుంటయా?" అన్నారు డాక్టరుగారు.

"పెట్టెటోన్ని నేను. నడిపిచ్చెటోడు పైన ఉన్నడు సాబ్," అన్నాడు నాయన.

మూడు వాసాలు నిలబెట్టి కట్టి, గొలుసు కప్పీతో పాత ఇంజను ఎత్తి బయట పెట్టారు. కొత్తది దించితే ముందు అడ్డపట్టీకి తగిలింది. పట్టీ కోసి కిందికి జరిపి అతికించారు. అసలు చిక్కు వెనక వచ్చింది. ఇంజనుకు ఉన్న బోల్టు రంధ్రాలు వేరు, కారు గేరుబాక్సువి వేరు. రెంటినీ కలపాలంటే నడుమ ఒక మందపాటి ఇనప పలక పెట్టాలి. దాని మీద ఒక వరస రంధ్రాలు ఇంజనుకు, ఒక వరస గేరుబాక్సుకు. ఆ పలకకు ముందుగా అట్టతో నమూనా కత్తిరించాలి.

మా షెడ్డులో అట్ట పని ఆడవాళ్ళది. ఇంజను అతుకుల మధ్య నూనె కారకుండా పెట్టే ప్యాకింగులన్నీ అమ్మా నేనూ కత్తిరించేవాళ్ళం. నాయన ఇనుము మీద మసీ గ్రీజూ కలిపి పూసి, అట్టను ఒత్తితే అచ్చు పడేది. తెర కింద నుంచి లోపలికి తోస్తే మేము కత్తెరతో, చిన్న ఉలితో తీసి ఇచ్చేవాళ్ళం.

గేరుబాక్సు అచ్చు బాగానే వచ్చింది. ఇంజను అచ్చులో మాత్రం ఎడమ సగమే స్పష్టంగా ఉంది, కుడి సగం జారి అలుక్కుపోయింది. అమ్మ నమాజులో ఉంది. షెడ్డులో పరాయి మగవాళ్ళు ఉన్నారు, తెర దాటి వెళ్ళి ఇంజను చూసుకునే వీలు లేదు. నాయనను పిలుద్దామంటే ఆ రెండు రోజులుగా ఆయనతో మాట్లాడటానికే భయం. నాకు వచ్చింది కుర్తా కత్తిరించడం. గుడ్డను నడిమికి మడిచి ఒక పక్క కోస్తే రెండో పక్క తానే వస్తుంది. అట్టను అలాగే మడిచాను. బాగున్న సగం చూసి రంధ్రాలు కొట్టాను. విప్పితే ఎంతో పొందికగా వచ్చింది. బిస్మిల్లా అనుకుని తెర కింద నుంచి తోశాను.

ఇంజను వెనక భాగం రెండు పక్కలా ఒకేలా ఉండదనీ, స్టార్టరు కూర్చునే పక్క రంధ్రాలు ఎడంగా జరిగి ఉంటాయనీ నాకు తెలియదు. నాయన కారు కింద పని మీద ఉండి, చూడకుండానే ఆ అట్టను లేత్ మేస్త్రీకి ఇప్పించాడు.

లేత్ మేస్త్రీది మా ఇంటికి రెండిళ్ళ అవతల. కమ్మరి ఇంట పుట్టినవాడు, నాయనకన్నా పదేళ్ళు చిన్న. నాయన ఆయనను తమ్మీ అనే పిలిచేవాడు. ఆ వేసవిలోనే ఆయన సొంత తమ్ముణ్ణి వాళ్ళ ఊళ్ళో రజాకార్లు చంపారు. అమ్మ వెళ్ళి ఆయన భార్య పక్కన కూర్చుని వచ్చింది. అప్పటి నుంచి ఆయన మా షెడ్డులో అడుగు పెట్టలేదు. ఈ పని కోసం నాయన ముందే పోయి అక్క సంగతి చెబితే, చేతులు తుడుచుకుని, "పలక ఒక్కటే ఉన్నది నా దగ్గర. కొట్టిస్త పో ఉస్తాద్," అన్నాడట.

మర్నాడు పొద్దున పలకా అట్టా పట్టుకుని ఆయనే వచ్చాడు. గేరుబాక్సు వైపు సరిగ్గా కూర్చుంది. ఇంజను వైపు మూడు బోల్టులు ఎక్కలేదు. నాయన తిప్పి చూశాడు, మళ్ళీ పెట్టి చూశాడు. పాసు గడువు మూడు రోజులకు దిగింది. నేను తెర సందులోంచి చూస్తున్నాను.

"ఏం జేసినవ్ తమ్మీ? మూడు బొక్కలు మూడు దిక్కులున్నయి."

"అట్ట ఎట్లున్నదో గట్లనే కొట్టిన ఉస్తాద్."

"నా ఇంట్ల కోసిన అట్ట ఇరవై ఏండ్ల సంది తప్పు పోలే. నీ కడుపుల ఏమున్నదో నాకు తెల్వదా? నీ తమ్ముని పగ నా బిడ్డ మీద తీర్సుకుంటున్నవ్."

 బండి చూడవచ్చిన డాక్టరుగారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. లేత్ మేస్త్రీ అట్టను వెలుతురుకు ఎత్తి చూశాడు. నడిమిన నిలువుగా మడత గీత. దాన్ని బొటనవేలితో ఒకసారి రాసి, తెర వైపు చూశాడు.

"గీత నేనే తప్పు పెట్టిన ఉస్తాద్. పొద్దుగూకేలోపల ఇంకోటి తెస్త," అన్నాడు.

"పలక ఒక్కటే అన్నవట గద?" అన్నారు డాక్టరుగారు.

"ఉన్నది తియ్యిన్రి ఇంకోటి."

నేను నోరు విప్పలేదు. తెర ఎత్తి, నాయనా తప్పు నాది అని ఒక్క మాట అంటే అయిపోయేది. 

ఈసారి ఆయన అట్ట అడగలేదు. ఇంజను వెనక చేరి, ఒక్కో రంధ్రం దూరం దారంతో కొలిచి, ముడులు వేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు తెర దగ్గర ఆగి, "వదినా, ఈ అట్ట పొయ్యిల వెయ్యిన్రి, దేనికీ పనికి రాదు," అని అమ్మకు అందించాడు. అమ్మ అన్నం వండుతూ దాన్ని పొయ్యిలో పెట్టింది. అది మండటం నేను చూశాను.

పొద్దు వాలాక, అసరు నమాజు వేళకు రెండో పలక వచ్చింది. బోల్టులన్నీ ఎక్కాయి. అది ఆయన పనిబల్ల మీద పరిచి ఉండిన పలక అని తర్వాత ఆయన భార్య చెప్పింది. చాలా రోజులు ఆయన నేల మీద కూర్చునే పని చేశాడు.

మర్నాడు ఇంజను పలికింది. నేరేడ్‌మెట్ ఎత్తు దాకా తోలి చూసి, డాక్టరుగారు అటు నుంచి అటే బయలుదేరారు. పాసులో నాయన పేరు లేదు కనుక ఒక్కరే వెళ్ళారు. అక్క నమ్మాలని నా చేతిరాతతో ఒక చీటీ పంపాము.

గడువు ముగిసే రోజు మధ్యాహ్నం కారు తిరిగి వచ్చింది. అక్క దిగింది. ఒళ్ళో బిడ్డ కళ్ళు తెరవకుండా కాలిపోతున్నాడు. "అక్కడనే సూది ఇచ్చిన. ఒక్క దినం ఆలస్యమైతే దక్కకపోతుండె," అన్నారు డాక్టరుగారు. బిడ్డ దక్కాడు. బావ రాలేదు. ఏమయ్యాడో ఈనాటికీ మాకు తెలియదు.

నాయన లేత్ మేస్త్రీ ఇంటికి పోయి అక్క వచ్చిందని చెప్పాడు. తానన్న మాట మాత్రం వెనక్కు తీసుకోలేదు. ఆయన కావాలనే చేశాడనీ, తానే పెద్ద మనసుతో మన్నించాననీ నమ్మాడు. "పోనియ్, తమ్ముడు పోయినోనికి కోపముండదా," అని అమ్మతో అనేవాడు. అన్నప్పుడల్లా నేను పక్కనే ఉన్నాను. నాయన పోయేదాకా చెప్పలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు లేత్ మేస్త్రీ కూడా పోయాడు.

అల్లా నాకు అడగనివి కూడా చాలా ఇచ్చాడు. అక్కను ఇచ్చాడు, ఆమె కొడుకు పెళ్ళి చూసే కళ్ళు ఇచ్చాడు. ప్రతి నమాజులో షుక్రియా చెప్పుకుంటాను. కానీ ఒక మనిషి మీద పడిన మచ్చను తుడవగలిగిన రోజున నేను తుడవలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆయన పగ తీర్చుకోలేదు. తప్పు నాది. ఇది చదివిన వాళ్ళు ఏ దేవుణ్ణి తలుచుకున్నా, ఆ దేవుడి ముందు ఆ లేత్ మేస్త్రీని ఒక్కసారి తలుచుకోండి.