సముద్రానికి బయల్దేరిన ఆదివారం

లారీలు మలుపు తిరిగే చోట ఒక రేకుల షెడ్డుండేది. అందులో పంక్చర్లు వేసే ఆమెను డ్రైవర్లందరూ టైరక్క అనేవాళ్లు. ఆ షెడ్డు మొదట ఆమె భర్తది. ఒకరోజు అతను లారీ చక్రానికి గాలి కొడుతుంటే రిమ్ముకు బిగించిన ఇనపచుట్టు ఊడి, ఎగిరొచ్చి మొహానికి తగిలింది. అప్పుడే మంచినీళ్ల గ్లాసు అందించబోతోంది ఆమె. గ్లాసు చేతిలోనే ఉంది, మనిషి లేడు.

కన్నీళ్లు ఆరకముందే షెడ్డు తలుపు తీసింది. తనకు వచ్చిన పని అదొక్కటే. అప్పటినుంచి పెద్ద చక్రం ఏదొచ్చినా ముందు ఇనప బోనులో పెట్టి, తాను దూరంగా నిలబడి గాలి కొట్టేది. తొందరపడే డ్రైవర్లు చాదస్తమని విసుక్కుంటే, ఇనుముకు వావివరసలు తెలియవని నవ్వేది.

ఆమెకు పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక చెల్లెలు. బేకరీలో పనిచేసేది. చెల్లెలి భర్త లిఫ్టు మెకానిక్. ఎంత ఎత్తు మేడలో లిఫ్టు ఇరుక్కున్నా లోపలున్నవాళ్లకు ధైర్యం చెబుతూ మెల్లగా దింపుతాడని పేరు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. కొట్టే ముందు కిటికీలు మూసేవాడు, ఆ తర్వాత టీవీ సౌండు పెంచేవాడు. టీవీ గట్టిగా మోగితే చాలు, పిల్లలిద్దరూ మంచం కిందికి దూరేవాళ్లు. కూరలో ఉప్పు ఎక్కువైనా కొట్టాడు, తక్కువైనా కొట్టాడు. ఒకసారి ఆమె వేళ్లు గుమ్మంలో పెట్టి తలుపేశాడు. అక్క ఎప్పుడడిగినా చెల్లెలు మెట్ల మీద జారానని చెప్పేది. ఆ ఇంటికి ఉన్నవి రెండే మెట్లు.

ఒక మధ్యాహ్నం చెల్లెలు కాళ్లకు చెప్పుల్లేకుండా, పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని షెడ్డు ముందుకొచ్చింది. దవడ వాచి మొహం ఒక పక్కకు ఒరిగిపోయింది. ముందుపళ్లు లేవు.

"అక్కా, ఈసారి మెట్లు కాదు," అంది.

డాక్టర్లు దవడకు తీగలు బిగించారు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే అతన్ని పిలిపించారు. అతను చేతులు కట్టుకుని కూర్చుని, కన్నీళ్లు పెట్టుకుని, ఇంకెప్పుడూ చెయ్యెత్తనని మాటిచ్చాడు. ఎస్సైకి అతని మీద జాలేసింది. చెల్లెలు మాత్రం తిరిగి వెళ్లలేదు. షెడ్డు వెనకున్న గదిలోనే నలుగురూ సర్దుకున్నారు.

కానీ పంక్చర్ల షెడ్డులో నిశ్శబ్దమెక్కడ? గాలి వదిలినప్పుడల్లా, ఇనుము మీద సుత్తి పడినప్పుడల్లా పిల్లలు ఉలిక్కిపడేవాళ్లు. పెద్దది పదేళ్ల పిల్ల, పళ్లు బిగబట్టుకుని నిలబడేది. చిన్నోడికి ఇంకా ఆరేళ్లు నిండలేదు, లాగు తడిపేసుకునేవాడు. వాణ్ని మరిపించడానికి టైరక్క ట్యూబులు ముంచే నీళ్లతొట్టి దగ్గర కూర్చోబెట్టి, బుడగలు ఎక్కడ వస్తే అక్కడ వేలు పెట్టమనేది. అలా వేలు పెడుతూనే ఒకరోజు అడిగాడు, సముద్రం ఈ తొట్టికంటే పెద్దదా అని. దాన్ని ఎన్ని గంటలకు మూస్తారని కూడా అడిగాడు.

"దాన్ని మూసే మొనగాడు ఇంకా పుట్టలేదురా," అంది పెద్దమ్మ. ఆ మాట అన్నాక తనకే ఆశ పుట్టింది. భర్త పోయాక ఆమె ఒక్క ఆదివారమైనా షెడ్డు మూసింది లేదు.

వచ్చే ఆదివారం సముద్రానికి వెళ్దామంటే చెల్లెలు భయపడింది. దారిలో ఆయన కనిపిస్తే ఎలా అంది.

"సముద్రం ఆయన లిఫ్టు కాదులే, మీట నొక్కితే ఆగిపోవడానికి," అంది టైరక్క. తీగల దవడతో చెల్లెలికి నవ్వడం కష్టమైంది, అయినా నవ్వింది.

ఆ వారమంతా ఇంట్లో వేరే మాట లేదు. పెత్తనమంతా పెద్దది తీసుకుంది. ఒక్కొక్కరికీ పొడి బట్టలు ఒక జత, తడి బట్టలకు వేరే సంచి. ఇసుక కాలుతుంది కాబట్టి చెప్పులు విప్పకూడదు. గుడ్లు ముందురోజే ఉడికించాలి, అరటిపళ్లు మాత్రం అడుగున పెట్టకూడదు. అమ్మ నమల్లేదు కాబట్టి ఆమె రొట్టెను పాలల్లో నానబెట్టడానికి మూతగిన్నె. పాత గొడుగు పుల్ల విరిగితే పెద్దమ్మ దానికి రబ్బరు చుట్టి కట్టింది. లారీ ట్యూబులు రెండు ఏరి, ప్యాచీలు వేసి, తొట్టిలో ముంచి, ఒక్క బుడగ కూడా రాలేదని చిన్నోడి చేత చెప్పించుకుంది. వాటికి తాడు కట్టి, కొస తాను ఒడ్డున పట్టుకుంటానంది. పెద్దది ఆ తాడు లాగి లాగి చూసి, పర్లేదంది.

శనివారం సాయంత్రం చెల్లెలి ఫోను మోగింది. ఆమె స్నానానికి వెళ్లింది, చిన్నోడు ఎత్తాడు. తండ్రి గొంతు మెత్తగా ఉంది. ఏం చేస్తున్నావు నాన్నా అన్నాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ట్యూబులు, గొడుగు, పొద్దున్నే ఎదురుగా ఆగే మొదటి బస్సు, అన్నీ చెప్పేశాడు. నాన్న సంతోషిస్తాడనుకున్నాడు. ఫోను సంగతి ఎవరికీ చెప్పొద్దు, ఇది మనిద్దరి మధ్యే అన్నాడు తండ్రి. ఆ ఒక్క మాటా వాడు కడుపులో దాచుకున్నాడు.

ఆదివారం ఎండ ఇంకా ఎక్కలేదు. సంచులు గుమ్మంలో ఉన్నాయి. ట్యూబులు ఒకదాని మీద ఒకటి పెట్టి పిల్లలు వాటి మీద కూర్చున్నారు. చెల్లెలు వెనక గదికి తాళం వేస్తోంది. అతను రోడ్డు దాటి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, భుజాన పనిసంచి ఉంది.

"నన్ను పిలవకుండానే బయల్దేరారా వదినా?" అన్నాడు.

టైరక్క నోరు తెరిచేలోపే సంచిలోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. పిల్లల్ని కాలితో పక్కకు నెట్టి రెండు ట్యూబుల్లోనూ గుచ్చాడు. గాలి బుస్సుమంది. చిన్నోడు చెవులు మూసుకున్నాడు. అతను తాళం వేసి వస్తున్న చెల్లెలి జుట్టు చేతికి చుట్టుకుని గుమ్మంలోంచి రోడ్డు మీదికి ఈడ్చాడు. తీగలు బిగించిన దవడ మీదే గుద్దాడు. ఆమె అరవలేకపోయింది, నోట్లోంచి రక్తం మాత్రం కారింది. పెద్దది పరిగెత్తుకెళ్లి అతని ముంజేతిని కొరికింది. అతను విదిలించి కొడితే ఆ పిల్ల ఎగిరి గుమ్మం పక్కనున్న నీళ్లతొట్టి అంచుకు తగిలి పడింది. నుదురు చీలిపోయింది. ఆ తర్వాత స్క్రూడ్రైవరు చెల్లెలి భుజంలో దిగింది. అతను దాన్ని బయటికి లాగి మళ్లీ ఎత్తాడు.

టైరక్క చేతికి టైర్లు విప్పే ఇనపరాడ్డు అందింది. మొదటి దెబ్బ మణికట్టు మీద వేసింది. స్క్రూడ్రైవరు కింద పడింది. అతను తిరగబడి ఆమె గొంతు పట్టుకోబోతే రెండో దెబ్బ మోకాలి మీద వేసింది. కూలిపోయాడు. చేతులు రెండూ అడ్డం పెట్టుకుని, "వద్దు వదినా," అన్నాడు.

అక్కడితో ఆగిపోవాల్సింది. ఆమె ఆగలేదు. మోచేతి మీద కొట్టింది. పచ్చికట్టె విరిగినట్టు చప్పుడైంది. అదే చోట మళ్లీ కొట్టింది. చెల్లెలి విరిగిన పళ్లు, తలుపులో నలిగిన వేళ్లు, మంచం కింద నక్కిన పిల్లలు, ఇవేవీ ఆ క్షణాన తనకు గుర్తు రాలేదని తర్వాత చెప్పేది. కొట్టడం ఒక్కటే ఉంది, అది హాయిగా ఉంది. పక్క కొట్టు మంగలి వెనకనుంచి వచ్చి రెండు చేతులతో వాటేసుకున్నాడు. అప్పుడు గానీ ఆమెకు చిన్నోడి ఏడుపు వినిపించలేదు. వాడు తండ్రిని చూసి కాదు, ఆమెను చూసి ఏడుస్తున్నాడు.

"పెద్దమ్మా, నాన్నను చంపొద్దు."

చెల్లెలి భుజానికీ పెద్దదాని నుదుటికీ కుట్లు పడ్డాయి. అతని మోచెయ్యి ముక్కలైంది, మళ్లీ పూర్తిగా చాపలేకపోయాడు. కేసులు ఇద్దరి మీదా పెట్టారు. పెనుగులాటలో తగిలిందని చెప్పు, అంతకుమించి ఒక్క ముక్క అనొద్దు అని వకీలు నూరిపోశాడు. కోర్టులో జడ్జిగారు సూటిగా అడిగారు.

"పడిపోయాక కూడా కొట్టావా?"

"కొట్టానండి."

వకీలు తల పట్టుకున్నాడు. బయటికొచ్చాక చెల్లెలు ఏడుస్తూ, ఎందుకలా చెప్పావక్కా అంది. చిన్నోడు చూశాడుగా, నేను అబద్ధమాడితే వాడు ఎవర్ని నమ్మాలి అంది టైరక్క.

అతనికి ఏళ్లలో శిక్ష పడింది, ఆమెకు నెలల్లో. జైల్లో ఉన్నన్నాళ్లూ షెడ్డు మూతపడుతుందనే బెంగ పెట్టుకుంది. తిరిగొచ్చేసరికి చెల్లెలు బేకరీ మానేసి, మోచేతుల దాకా గ్రీజుతో, ఇనప బోనులో చక్రం దొర్లిస్తూ కనిపించింది. పెద్దది వచ్చి నడుం చుట్టూ చేతులేసింది. చిన్నోడు గుమ్మం దాటి రాలేదు. ఆమె రాడ్డు చేతిలోకి తీసుకుంటే చాలు, గదిలోకి వెళ్లిపోయేవాడు. రాడ్డు పట్టకుండా ఆ షెడ్డులో పనెలా జరుగుతుంది? రోజూ పొద్దున వాడు బడికెళ్లే దాకా ఆమె టైర్లు విప్పేది కాదు.

ఎండలు ముదిరాక చెల్లెలే సముద్రం మాటెత్తింది. పెద్దది మళ్లీ సంచులు దులిపింది. చిన్నోడు రానన్నాడు. ఎంత బతిమాలినా రానన్నాడు. ఆఖరికి టైరక్క వాడి పక్కన నేల మీద కూర్చుంది, మరీ దగ్గరగా కాదు. వాడే నోరు విప్పాడు. ఆ రోజు ఫోనులో నాన్నకు తనే చెప్పానన్నాడు.

ఆమెకు అంతవరకూ తెలియదు. ఇన్ని నెలలు ఈ పసివాడు ఇది మోస్తున్నాడా అనుకుంది.

"సముద్రానికి వెళ్తున్నామని కొడుకు తండ్రికి చెప్పుకోవడం తప్పెప్పుడైందిరా? విని ఆయన చేసింది తప్పు."

"మరి నువ్వు కొట్టింది?"

"మొదటి రెండు దెబ్బలూ కాదు. ఆ తర్వాతవి తప్పే."

"నాకు కోపమొస్తే నేనూ అట్లా కొడతానా?"

 కోపం అందరికీ వస్తుంది, ఎదుటివాడు పడిపోయాక చెయ్యి ఆపడం నేర్చుకోవాలి, నేనూ నేర్చుకుంటున్నాను అంది. వెళ్లే రోజు వాడు పొద్దున్నే తన చెప్పులు తానే వేసుకుని బస్సు దగ్గర నిలబడ్డాడు.

ఆ రోజు సముద్రం శాంతంగా లేదు. అలలు ఒడ్డును ఎత్తెత్తి కొడుతున్నాయి. పెద్దది మొదటి అలకే బోర్లాపడి, ఉప్పునీళ్లు మింగి, తిట్టుకుంటూ లేచి మళ్లీ ఉరికింది. చెల్లెలు గొడుగు కింద కూర్చుని, కొత్త పళ్లతో నిదానంగా గుడ్డు కొరుక్కుతింటోంది. టైరక్క నడుం లోతు నీళ్లలోకి దిగి, అలల దెబ్బ తన వీపు మీద పడేలా పిల్లలకు అడ్డంగా నిలబడింది. చిన్నోడు ఆమె చెయ్యి పట్టుకోలేదు. అయితే అల విరిగి మీద పడ్డప్పుడల్లా ఆమె చీర మీద వేసుకున్న చొక్కా కొస గట్టిగా పట్టుకునేవాడు, నీళ్లు వెనక్కి పోగానే వదిలేసేవాడు. ఆమె వాడి వైపు చూడలేదు. చూస్తే వదిలేస్తాడేమోనని, ఎండ నడినెత్తికొచ్చే దాకా అలాగే అలల దెబ్బలు కాస్తూ నిలబడింది.