పొయ్యిలోకి మూడు పిలుపులు

నా చిన్నప్పుడు అమ్మతో కలిసి ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లిన ఒక రోజు, ఇప్పటికీ కాళ్ల నొప్పితోనే గుర్తొస్తుంది. నైజాం కాలం. నానమ్మకు జ్వరం ముదిరి కొడుకునే కలవరిస్తోంది. బాపును పిలుచుకురావాలి. సగం దారి ఎడ్లబండి, సగం నడక.

బాపు రైలింజన్ల షెడ్డులో పనిచేసేవాడు. గుండ్రంగా కట్టిన ఎత్తైన కొట్టం అది. నడుమ గోతిలో ఇంజన్‌ను నిలబెట్టి తిప్పే ఇనుప వంతెన, దాని చుట్టూ బండిచక్రం ఆకుల్లా పట్టాలు. దూరాల నుంచి వచ్చిన ఇంజన్లు అక్కడే చల్లారి, బూడిద దులిపించుకుని, మళ్లీ నిప్పు రాజేయించుకుని బయలుదేరేవి. ఆ కొట్టం ఒక్కరోజు ఆగితే బెజవాడ దాకా రైలు కదలదని బాపు చెప్పేవాడు. చల్లారిన ఇంజన్‌లో బొగ్గు మండే పొయ్యిలోకి, మనిషి పట్టేంత పెద్దది, దూరి మసి గీకడం ఆయన పని.

మేం చేరేసరికి బాపు లేడు. పని ముగించుకుని వెళ్లిపోయాడన్నారు. మా వీధి చాచా అక్కడ నిప్పు రాజేసేవాడు. నిద్ర లేక ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చేతిలోని పార మీద నూనెగుడ్డ మండుతోంది. ఇంజన్ తొందరగా కావాలని మేస్త్రీ తరుముతున్నాడు. చాచా మాత్రం పొయ్యి తలుపు దగ్గర వంగి, "ఎవరన్న ఉన్నరా లోపట?" అని పిలిచి ఆగాడు. మళ్లీ పిలిచాడు. ఎవరూ లేరని మేస్త్రీ విసుక్కున్నాడు. మూడోసారి పిలిచాక లోపల దగ్గు వినిపించింది.

మసి పట్టిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది. మా బాపు. జబ్బుపడ్డ తోటివాడి పని కూడా తనే చేసి, ఆ గోరువెచ్చని పొయ్యిలోనే నిద్రపోయాడట. అమ్మ కొంగుతో ఆయన ముఖం మీది మసి తుడిచింది. చాచా మండే గుడ్డను ఇసుకలో పడేసి, బాపుకు నీళ్లిచ్చాడు.

ఎవరూ లేరంటున్నా ఎందుకు పిలిచావని నేనే అడిగాను.

"బయటోళ్లు మస్తు చెప్తరు బేటీ. లోపట పండుకున్నోడు చెప్తడా?" అన్నాడు. "రోజూ పిలుస్త. ఇన్నేండ్లల్ల ఇయ్యాల్నే ఒకడు పలికిండు" అన్నాడు.

నానమ్మ బాపు చెయ్యి పట్టుకుని ఇంకో రెండు రోజులు బతికింది.

ఆవిరి ఇంజన్లు పోయాయి. ఆ కొట్టమూ ఇప్పుడు లేదంటారు. పెద్దయ్యాక నేను ఊరి బడిలో ఆయాగా చేరి, ఎన్నో ఏళ్లు సాయంత్రాలు గదులకు తాళాలు వేశాను. నడుము పడిపోతున్నా ప్రతి గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచేదాన్ని. ఏనాడూ ఎవరూ పలకలేదు. ఈ వయసులో మా ఇంటి తలుపు వేసేముందూ పిలుస్తాను. మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ.