బస్సులు కడిగే మనిషికి బస్సు లేదు

ఏ డిపో అని అడగకండి, చెప్పను. తిరుపతిలో ఒక బస్సు డిపో, అంతే. అందులో ఇరవై ఏడేళ్లు గుమాస్తాగా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. నా పేరు నారాయణ. పింఛను తింటూ ఇలాంటివి రాయడమేమిటని పాత స్నేహితులు ఇద్దరు ఇప్పటికే సణిగారు. సణగనివ్వండి. ఎస్తేరు సంగతి ఎవరో ఒకరు రాయాలి. ఆమెకు తీరిక లేదు, నాకు బోలెడుంది.

ఎస్తేరు మా డిపోలో బస్సులు కడిగేది. కొండకు పోయివచ్చిన బస్సు ఎలా ఉంటుందో ఎక్కి దిగిపోయేవాళ్లకు తెలియదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో సగం మందికి కడుపులో తిప్పుతుంది. కిటికీలోంచి తల బయట పెట్టేలోపే అయిపోతుంది. దిగే తొందరలో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఎస్తేరు రంపప్పొట్టు చల్లి, ఊడ్చి, నీళ్లు కొట్టి, సీటు కిందికి చెయ్యి పోనిచ్చి మరీ తుడిచేది. ఒకసారి నేను ముక్కు మూసుకుని పక్క నుంచి పోతుంటే పట్టుకుంది.

"ఏం సార్, మీ ఇండ్లల్లో ఎవురూ కక్కుకోరా?"

ఆమె నోరు అలాంటిది. ఆ నోటికి మేనేజర్లు కూడా పక్కకు తప్పుకునేవారు.

ఆమెకు జీతం ఇచ్చేది డిపో కాదు, కాంట్రాక్టరు. పంతొమ్మిదేళ్లలో ఆరుగురు కాంట్రాక్టర్లు మారారు, ఎస్తేరు మారలేదు. అయినా ఆమె పేరు డిపో రిజిస్టరులో లేదు, కాంట్రాక్టరు మాకు పంపే కాగితాల్లోనూ లేదు. "క్లీనర్లు, పద్నాలుగు మంది" అని మాత్రం ఉండేది. ఆ కాగితాలను ఫైల్లో పెట్టేది నేనే. పేర్లు లేవని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్కనాడు నోరు విప్పలేదు.

ఆమె ఊరు చంద్రగిరి దాటాక పూతలపట్టు రోడ్డు పక్కన చిన్న పల్లె. డిపోకు పద్నాలుగు కిలోమీటర్లు. మా డిపో బస్సే ఒకటి పూతలపట్టులో రాత్రి నిలిచి తెల్లవారకముందే తిరుపతికి వచ్చేది. ఎస్తేరు దాన్లో ఎక్కి ఆరింటికల్లా డిపోలో దిగేది, మళ్లీ దాన్నే కడిగేది.

రెండు వేల ఇరవై, మార్చి ఇరవై రెండున బస్సులు ఆగిపోయాయి. తిరుపతి అలా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. గుండ్లకు గంధం పూసుకుని మూటలతో తోసుకునే జనం, "కొండకా, కాళహస్తికా" అని చెయ్యి పట్టి లాగే ఆటోవాళ్లు, పూల గంపలు, ఒక్క దెబ్బతో అన్నీ మాయమయ్యాయి. అలిపిరి మెట్ల ముందు ఒక కానిస్టేబులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. బస్టాండులో ప్లాట్‌ఫారానికొక కుక్క పడుకుంది. కొండ దిగి జింకలు రోడ్డెక్కాయని ఫోన్లలో ఫోటోలు పంపుకున్నారు, ప్రకృతి ఊపిరి పీల్చుకుంటోందని కవిత్వాలు రాసుకున్నారు. అవి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇంట్లో కూర్చున్నవాడికి ఊరు ఖాళీగా కనబడింది. నడిచేవాళ్లు నడుస్తూనే ఉన్నారు.

ఆ సాయంత్రం ఐదింటికి ఊరంతా పళ్లేలు మోగించారు. మా మేనేజరు కూడా క్వార్టర్సు వరండాలో నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో వాయించాడు. ప్రాణాలకు తెగించి శుభ్రం చేసేవాళ్లకు వందనమట.

మూడోనాడు ఉత్తర్వు వచ్చింది. డిపోలో వరసగా నిలబెట్టిన నూటిరవై బస్సులనూ రోజూ మందు నీళ్లతో కడగాలి. ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు, ఎవరికి ఏం అంటుకుంటుందని కడగాలో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. క్లీనర్లు ఏడింటికల్లా పనిలో ఉండాలి. మూడు రోజులు రాకపోతే పనిలోంచి తీసెయ్యాలి. వాళ్లు ఎలా రావాలో మాత్రం ఆ ఉత్తర్వులో ఒక్క ముక్క లేదు.

పర్మనెంటు ఉద్యోగులకు గుర్తింపు కార్డులున్నాయి, చూపిస్తే పోలీసులు వదిలేవారు. క్లీనర్లకు కార్డు ఎవరివ్వాలి? మా వాళ్లు కాదు గనక కాంట్రాక్టరే ఇవ్వాలని మేనేజరు. చేసేది డిపో పని గనక డిపోనే ఇవ్వాలని కాంట్రాక్టరు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఎస్తేరు నడిచింది. మొదటిరోజు ఎనిమిదిన్నరకు చేరింది. ఆలస్యమని కాంట్రాక్టరు మనిషి మేస్త్రీ మునిచంద్ర ఆమెకు ఆబ్సెంటు వేశాడు, పని మాత్రం సాయంత్రం దాకా చేయించుకున్నాడు. రెండోరోజు చెక్‌పోస్టులో ఆపి, కార్డు లేదని మోకాలి వెనక లాఠీతో ఒకటిచ్చి వెనక్కి పంపారు. ఆమె పొలాల గట్ల మీదుగా చుట్టు తిరిగి పదింటికి వచ్చి తిన్నగా నా టేబులు ముందు నిలబడింది.

"సార్, రెండు దినాలు పోయినాయి. రేపు గూడా ఇట్లనే అయితే నన్ను తీసేస్తారంట. మా ఆయనకి ఇండ్లు కట్టే బేల్దారి పని నిలిసిపోయి ఇంట్లో కూసోనుండాడు. నా పని గూడా పోతే మేము యాడికి పోవాల? ఒక కాగితం రాసియ్యి సార్, నేను ఈడ పని జేస్తా ఉండానని."

రాశాను. సంతకం కోసం మేనేజరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టాడు. "నారాయణా, రేపు ఆమె ఈ కాగితం పట్టుకుని కోర్టుకు పోతే? పర్మనెంటు చెయ్యమంటే?" నేను బయటికి వచ్చి "సారు బిజీ" అని ఆమెకు అబద్ధం చెప్పాను. తిట్టుకోవాల్సిన వాళ్ల జాబితాలో నా పేరు కూడా ఉందని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

అదంతా వరండాలో కూర్చుని విన్నవాడు ఖాదర్ బాషా. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసున్న డ్రైవరు, జూలైలో రిటైరవుతాడు. నిలబడిపోయిన బస్సుల బ్యాటరీలు చచ్చిపోకుండా, టైర్లు ఒకేచోట అణిగిపోకుండా రోజూ ఒకటి రెండు బండ్లను బయటికి తీసి కొంత దూరం తిప్పాలి. ఆ డ్యూటీ ఆయనదే. బైపాసు దాకా పోయి రావాలని చెప్పారు.

"ఎస్తేరమ్మా, రేపు ఆరింటికి మీ వూరి రోడ్డు మీదికి వచ్చి నిలబడుకో. నేను బండి తెస్తా. బైపాసు నుంచి మీ వూరు ఎంత దూరం? ఒక ఎనిమిది కిలోమీటర్లు. టైరుకు కిలోమీటర్లు లెక్క తెలుస్తాదా?"

అలా పదకొండు రోజులు, నలభై తొమ్మిది సీట్ల బస్సులో ఎస్తేరు ఒక్కతే వచ్చింది. బస్సును చూసి చెక్‌పోస్టు వాళ్లు ఆపలేదు. ఇంకెవరికీ తెలియదు. తెలిసేది కూడా కాదు, బాషా ఒక్క పని చెయ్యకుండా ఉంటే.

ఆయన ఆమెకు టికెట్టు కొట్టాడు. రోజూ.

నవ్వకండి. కండక్టరు లేని బస్సుల్లో డ్రైవరే టికెట్టు ఇచ్చేవాడు గనక మిషను ఆయన దగ్గరే ఉంది. మా వాళ్లకు టికెట్టు లేని మనిషిని ఎక్కించుకోవడమంటే దొంగతనం కంటే పెద్ద నేరం. పక్కనే కూర్చున్న కన్నతల్లికి టికెట్టు కొట్టని పాపానికి సస్పెండైన వాళ్లను చూశాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆ భయంతో బతికిన మనిషి, ఊరంతా మూసేసినా, బస్సులో ఇంకో ప్రాణి లేకపోయినా, టికెట్టు కొట్టకుండా గేరు వెయ్యలేకపోయాడు. ఎస్తేరు కూడా వద్దనలేదు. "ఊరికే ఎక్కితే రేపు ఎవురైనా మాట అంటారు బాషన్నా, కొట్టు" అని ఆమే చిల్లర చేతిలో పెట్టేది.

మిషనులో కొట్టిన ప్రతి టికెట్టూ పై ఆఫీసు కంప్యూటరులో పడుతుంది. రాష్ట్రంలో బస్సు తిరగని రోజుల్లో తిరుపతిలో ఎవరో రోజుకొక టికెట్టు కొడుతున్నాడని పన్నెండో రోజు ఫోను వచ్చింది. మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. బాషాకు మెమో టైపు చేసింది నేనే.

విచారణకు పెద్దాఫీసరు వచ్చాడు, ఏసీ జీపులో, డ్రైవరుతో. ఎస్తేరును లోపలికి పిలవలేదు, వరండాలో నిలబెట్టారు. ఆమె ఎవరు అని ఆఫీసరు అడిగితే మా రికార్డులో ఆ పేరు లేదని మేనేజరు రాసిచ్చాడు. ఆ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచెయ్యడం లేదని కాంట్రాక్టరు రాసిచ్చాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాయం. చివరకు కాగితం మీద నేరం ఎలా తేలిందంటే: లాక్‌డౌన్ కాలంలో డ్రైవరు ఖాదర్ బాషా, ఒక గుర్తు తెలియని స్త్రీని, ఖాళీ బస్సులో, పదకొండుసార్లు ఎక్కించుకుని తిరిగాడు.

ఆ వాక్యం గట్టిగా చదువుతుంటే బాషా తల వంచుకున్నాడు. ఇంట్లో భార్య షరీఫున్నీసా, పెళ్లీడుకొచ్చిన మనవరాలు ఉన్న మనిషి. వరండాలో ఉన్న ఎస్తేరుకు అది వినబడింది. తలుపు తోసుకుని వచ్చేసింది.

"ఎవురయ్యా గుర్తు తెలీనిది? నిన్నటి దాకా మీ బండ్లల్లో కక్కు ఎత్తిపోసినప్పుడు తెలిసినానే! నాయన మాదిరి మనిషిని పట్టుకోని ఏం రాతలు రాస్తా ఉండారు? చేతులు పడిపోవా మీకి?"

మునిచంద్ర ఆమెను రెక్క పట్టుకుని బయటికి లాగాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. లేని మనిషిని పనిలోంచి తీసెయ్యడం చాలా సులభం, కాగితం కూడా అక్కర్లేదు. బాషాను సస్పెండు చేశారు. జూలైలో ఆయన సస్పెన్షనులో ఉండగానే రిటైరయ్యాడు, మేము ఒక దండ కూడా వెయ్యలేదు.

మే ఇరవై ఒకటిన బస్సులు మళ్లీ మొదలయ్యాయి. మొదటి బస్సు ఆరింటికి గేటు దాటాలి. బస్సు గేటు దాటాలంటే లాగ్‌షీటు మీద, బండి శుభ్రంగా ఉందని డ్రైవరు సంతకం పెట్టాలి. అందులో "కడిగినవారు" అని ఒక గడి ఉంది. దాన్ని ఎవరూ ఏనాడూ నింపలేదు, ఖాళీగా వదిలేసి సంతకం గీకి పోయేవారు. ఆ రోజు మొదటి బస్సు డ్రైవరు రవిచంద్ర, బాషా దగ్గర పని నేర్చుకున్నవాడు. పెన్ను జేబులోంచి తియ్యలేదు.

"ఈ బండి ఎవురు కడిగినారు సార్?"

"క్లీనర్లు కడిగినారులేప్పా, సంతకం పెట్టు, టైమవుతా ఉండాది" అన్నాడు మేనేజరు.

"క్లీనర్లంటే? పేరు చెప్పండి, ఆ గడిలో రాయండి. గుర్తు తెలీని మనిషి కడిగిన బండిని నేను తియ్యను సార్. కరోనా కాలం గదా, రేపు నా మీద మెమో వస్తే?"

వెనక ఉన్న డ్రైవర్లందరూ పెన్నులు జేబుల్లోనే ఉంచుకున్నారు. ఆరు దాటింది. ఆరున్నర దాటింది. రెండు నెలల తర్వాత మొదటి బస్సు బయల్దేరిందా అని పై ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను. మేనేజరు అరిచాడు, బతిమాలాడు, మునిచంద్రను తిట్టాడు. పేరు రాస్తే క్లీనరు ఉన్నట్టు ఒప్పుకోవాలి. రాయకపోతే బస్సు కదలదు. పేర్లు రాద్దామని క్లీనర్లను పిలిస్తే, వాళ్లు పైపులు కింద పడేసి నిలబడ్డారు. ఎస్తేరక్క వస్తేనే మా పేర్లు కూడా అన్నారు.

ఏడింటికి మేనేజరు తన జీపును చంద్రగిరి వైపు పంపాడు.

ఎస్తేరు జీపు దిగి నీళ్ల పైపు దగ్గరికి పోలేదు. నేరుగా ఆఫీసులోకి వచ్చింది. డ్రైవర్లు, క్లీనర్లు కిటికీల దగ్గర మూగారు.

"మొదట నా పేరు రిజిస్టర్లో రాయండి. పంతొమ్మిదేండ్ల కిందట చేరినానని రాయండి. ఆ తర్వాతనే చీపురు పట్టుకుంటా" అంది. మేనేజరు గోడ గడియారం చూశాడు, కిటికీల వైపు చూశాడు, నా వైపు చెయ్యి ఊపాడు.

ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఇన్నాళ్ల పిరికితనం కడుక్కునే అవకాశం దొరికిందనుకున్నాను. కొత్త రిజిస్టరు తెరిచి, గీతలు గీసి, ఒకటో నంబరు వేశాను. కలం పట్టుకుని తల ఎత్తాను.

"ఎస్తేరూ, ఇంటిపేరు ఏం రాయమంటావు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. అప్పటిదాకా ఎవరి ముందూ తగ్గని గొంతు తగ్గిపోయింది.

"పంతొమ్మిదేండ్లు నీ కుర్చీ కింద గూడా ఊడ్సినాను గదా సార్. నీకి గూడా తెలీదా?"

తెలియదమ్మా అన్నాను.